రెండు టన్నుల కారు ఎలా గెలిచింది?

టి.నగర్, చెన్నై

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు వాదించుకున్న సంగతి గురించే ఈ ఉత్తరం. రెండు టన్నులు దాటిన ఎలక్ట్రిక్ కారు, అందులో సగం బరువు కూడా లేని స్పోర్ట్స్ కారును పందెంలో వెనక్కి నెట్టేసిన వీడియో చూశారు. బరువుంటే టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, అందుకే గెలిచిందని పెద్దవాడి మాట. బరువుంటే బండి కదలడమే కష్టం కదా అని చిన్నదాని మాట. మీ ఇద్దరి మాటా నిజమే. రెండూ కలిపి చూస్తేనే అసలు విషయం తేలుతుంది.

మొదట ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కారును ముందుకు తోసేది ఇంజన్ కాదు, రోడ్డు. ఇంజన్ చక్రాన్ని తిప్పుతుంది, టైరు రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు కారును ముందుకు నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం మీకు తెలిసిందే. ఆ తోపును బరువుతో భాగిస్తే వచ్చేదే మనం పికప్ అనేది. మీ పాఠంలోని ద్రవ్యరాశినే ఇక్కడ బరువు అంటున్నాను. బరువు రెట్టింపైతే అదే తోపుకు పికప్ సగమవుతుంది. ఇది చిన్నదాని వాదన.

కానీ రోడ్డు ఇచ్చే తోపుకు ఒక హద్దు ఉంది. టైరు మీద పడే బరువును గురుత్వ త్వరణంతో (కింద పడే వస్తువు పికప్ అది), ఘర్షణ గుణకంతో (టైరూ రోడ్డూ ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే అంకె) గుణిస్తే ఆ హద్దు తెలుస్తుంది. పొడి రోడ్డు మీద మంచి టైరుకు ఆ గుణకం ఇంచుమించు 1. అది దాటి ఇంజన్ ఎంత గుంజినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ లేపుతుందే కానీ బండి వేగం పెరగదు. బరువు పెరిగితే ఈ హద్దూ పెరుగుతుంది. ఇది పెద్దవాడి వాదన.

ఇప్పుడు రెండూ కలపండి. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు, కావలసిన తోపూ రెట్టింపు. భాగహారంలో బరువు పైనా కిందా కొట్టుడుపోతుంది! నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే కారు, పట్టు హద్దు వరకు వెళ్లగలిగితే, దాని పికప్ గురుత్వ త్వరణమంత ఉంటుంది. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి సుమారు 2.8 సెకన్లు. బరువు 700 కిలోలైనా 2,000 కిలోలైనా ఇదే లెక్క. అంబత్తూరు ఎస్టేట్‌లో కారు విడిభాగాలు చేసినన్నాళ్లూ ఈ సంగతి చెబితే చాలామంది నమ్మేవారు కాదు. కాగితం మీద మీరే వేసి చూడండి.

కాగితం మీదకు రాని చిక్కు ఒకటి రబ్బరులో ఉంది. టైరు మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు పెరుగుతుంది కానీ సరిగ్గా రెట్టింపు కాదు, దానికి కొంచెం తక్కువే. ఒత్తిడి పెరిగేకొద్దీ రబ్బరు ఘర్షణ గుణకం పడిపోతుంది. అందుకే బరువైన కార్లకు వెడల్పు టైర్లు వేస్తారు. బరువు వేసి పట్టు కొనుక్కుందామంటే ఎప్పుడూ కాస్త నష్టపు బేరమే.

మరి బరువు సంగతి పట్టించుకోనక్కర్లేదా అంటే, ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడ ఉందన్నది ముందు చూడాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వర్షాకాలంలో ఖాళీ మినీ లారీ బురద ర్యాంపు ఎక్కలేక వెనక చక్రాలు జారిపోతుంటాయి. సరుకు వేశాక అదే బండి ఎక్కేస్తుంది. సరుకు బరువు చాలావరకు ఇంజన్ తిప్పే వెనక చక్రాల మీద పడింది కాబట్టి. అదే సరుకు ముందు చక్రాల మీద పడి ఉంటే ఉపయోగం లేకపోగా భారమే మిగిలేది.

కారు ముందుకు దూకేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. ముక్కు పైకి లేవడం మీరు చూసే ఉంటారు. జరిగే బరువును ఇలా కట్టాలి: కారు బరువును పికప్‌తో (గురుత్వ త్వరణంలో ఎన్నో వంతో, దానితో), గరిమనాభి (బండి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) ఎత్తుతో గుణించి, ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగించాలి. ఎత్తు అర మీటరు, దూరం రెండున్నర మీటర్లు అనుకోండి. ఇంజన్ బలానికి లోటు లేదనుకుంటే, 60 శాతం బరువు ముందున్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే) కారుకు పికప్ గురుత్వ త్వరణంలో సగమే వస్తుంది, 100 వేగానికి దాదాపు 5.7 సెకన్లు. బరువు సమంగా ఉన్న రియర్ వీల్ డ్రైవ్‌కు (వెనక చక్రాలనే తిప్పేదానికి) 4.5. ఇంజన్ వెనకే ఉండి 60 శాతం బరువు వెనక పడితే 3.8. పోర్షే 911 ఇంజన్‌ను ఇన్ని దశాబ్దాలుగా వెనకే ఉంచడం వల్ల స్టార్టింగ్‌లో దానికి కలిసొచ్చేది ఇదే.

ఇదంతా మొదటి కొద్ది సెకన్ల కథ. వేగం పెరిగేకొద్దీ ఇంజన్ ఇవ్వగలిగే తోపు తగ్గుతుంది. ఒక వేగం దాటాక పట్టు మిగిలిపోతుంది, బలం చాలదు. అక్కడి నుంచి చిన్నదాని వాదనే గెలుస్తుంది, అదే బలానికి తేలిక కారుకే పికప్. 200 హార్స్‌పవర్ రియర్ వీల్ డ్రైవ్ కారు 1,500 కిలోలుంటే ఆ వేగం 58 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. 1,000 కిలోలుంటే 88 దగ్గర. అంటే తేలిక కారులో చక్రం జారే అవకాశం ఇంకా ఎక్కువ వేగం దాకా ఉంటుంది. దాన్ని నడిపేవాడి కాలికి అంత నేర్పు కావాలి.

తక్కువ బలంతో ఎక్కువ పికప్ కావాలంటే బరువు తగ్గించడమే దారి. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజన్ తీసుకుని ఫార్ములా మారుతి రేసు కార్లు తయారు చేశారు. 796 సీసీల చిన్న ఇంజనే. సీట్లు, తలుపులు, పైకప్పు లేని ఒంటి మనిషి బండిలో పెడితే అది రేసు ఇంజన్ అయింది. అలాంటి బండ్ల మీద మన దేశంలో ఎందరో కుర్రాళ్లు రేసింగ్ నేర్చుకున్నారు. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ స్పోర్ట్స్ కారు కూడా అంతే, 725 కిలోలు, 118 హార్స్‌పవర్, 100 వేగానికి సుమారు ఆరు సెకన్లే.

ఇక మీ వీడియో. ఎలక్ట్రిక్ మోటారు గుంజుడు కదిలిన క్షణం నుంచే పూర్తిగా ఉంటుంది, గేరు మార్చే ఆలస్యం లేదు. బలం నాలుగు చక్రాలకూ వెళ్తుంది, చక్రం జారబోతే కంప్యూటర్ అప్పటికప్పుడే తగ్గిస్తుంది. కాబట్టి అది పట్టు హద్దు మీదే పరిగెత్తింది. ఆ హద్దులో బరువు లెక్కకు రాదని ఇందాకే చూశాం. పైగా దాని హార్స్‌పవర్ వెయ్యి దాకా ఉంటే, పట్టు మిగిలిపోయే వేగం దాటాక కూడా ఆ బరువును లాగడానికి సరిపడా బలం దానికి ఉంటుంది.

కానీ శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఆ రెండు కార్లనూ పది ల్యాపులు తిప్పితే కథ వేరు. 3.7 కిలోమీటర్ల ల్యాపులో మలుపులు, బ్రేకులు చాలా ఉంటాయి. 100 వేగంలో ఉన్న రెండు టన్నుల కారును ఆపాలంటే 770 కిలోజౌళ్లు వేడిగా మారాలి, టన్ను కారుకు అందులో సగం చాలు. బ్రేకులు, టైర్లు ముందు కాగిపోయేది బరువైనదానికే. ఫార్ములా వన్ కార్లు చేసే ఉపాయం ఇంకా చక్కనిది. రెక్కలతో గాలిని పైకి మళ్లించి, ఆ ఒత్తిడితో టైర్లను రోడ్డుకు అదుముతాయి. వేగం మీద ఆ ఒత్తిడి కారు సొంత బరువునే మించుతుంది. పట్టు పెరుగుతుంది, మోయాల్సిన ద్రవ్యరాశి పెరగదు.

ఇవన్నీ ట్రాక్ మీద మాట. ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డులో) రాత్రిళ్లు పందాలు వేసుకునే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా గుండె దడ. తడి రోడ్డు మీద ఘర్షణ బాగా పడిపోతుంది, అక్కడ ఈ లెక్కలేవీ మనిషిని కాపాడవు.

ఇప్పుడు మీకొక పని. ఇందాకటి సమాన బరువు రియర్ వీల్ డ్రైవ్ కారు గరిమనాభిని అర మీటరు నుంచి 40 సెంటీమీటర్లకు దించండి. పికప్ పెరుగుతుందా, తగ్గుతుందా? నాలుగు చక్రాల డ్రైవ్ అయితే? ఇద్దరూ విడివిడిగా లెక్క వేసి, కాగితం ఫోటో తీసి అమ్మ ఫోన్ నుంచి పంపండి.

మీ
తాతయ్య