కాలనీ కూరగాయల తోటకు తాళం అవసరమా? అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల కాలనీల్లో ఇరుగుపొరుగు కలిసి పెంచుకునే కూరగాయల తోటలకు నమూనాలు గీసి ఇవ్వడం నా పని. ఎక్కడికి వెళ్లినా మొదటి సమావేశంలోనే ఒక మాట వినబడుతుంది: “తినేవి వేస్తే ఎత్తుకుపోతారండీ, ముందు కంచె, గేటు, తాళం సంగతి చూడండి.” విత్తనాలకూ ఎరువుకూ పోగుచేసిన చందా ఇనుప కంచెకే ఖర్చయిపోవడం నేను పలుమార్లు చూశాను.

ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. నెలల తరబడి పెంచిన గుమ్మడికాయ తెల్లవారేసరికి మాయమైతే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. అయితే దానికి విరుగుడు తాళం కాదు, ఏ మొక్క ఎక్కడ ఉండాలో ముందే ఆలోచించుకోవడం. గోంగూర, బచ్చలి, పుదీనా, కరివేపాకు కోసినకొద్దీ చిగురిస్తాయి కనుక వాటిని దారి పక్కనే వేయాలి; వచ్చేపోయేవారు గుప్పెడు తుంచుకున్నా తోటకు లోటు రాదు. ఒక్క గెలతో పంట తీరిపోయే అరటి, కొద్ది కాయలే నిలిచే గుమ్మడి లోపల, నలుగురూ కూర్చునే అరుగుకు ఎదురుగా ఉండాలి. ఇంగ్లండ్‌లోని టాడ్‌మర్డెన్ పట్టణంలో 2008లో ‘ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్’ పేరుతో పని మొదలుపెట్టినవారు పోలీసు స్టేషను ముందు కూడా కూరగాయలు పెంచి, ఎవరైనా కోసుకోవచ్చన్నారు.

విజయనగరంలో ఒక కాలనీవారు నా మాట కాదని తాళం వేశారు. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండడంతో నీళ్లు పోయడం కూడా ఆయన ఒక్కరి బాధ్యతే అయింది. మే నెలలో ఆయన కూతురి పురిటికని పది రోజులు ఊరు వెళ్లగా మళ్లన్నీ మాడిపోయాయి. అంతకన్నా నన్ను బాధించినది వేరే ఉంది: పల్లెలో పెరడు వదిలి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక ముసలమ్మ రోజూ ఉదయం గేటు దాకా వచ్చి, ఊచల్లోంచి చూసి వెనుదిరిగేదట. పాదు పెట్టడం ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది తాళం తీసేసి, రోజుకు రెండిళ్ల చొప్పున నీళ్లకు వంతులు వేసుకున్నారు; ఆనప పందిరి ఆమె చూపించిన చోటే వేశాం.

తోటల గురించి వినబడే తక్కిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు. ఎర్రమట్టి ఎంత పోసినా చివికిన పశువుల ఎరువు కలపనిదే ఫలితం ఉండదు. మడి వెడల్పు నాలుగడుగులు మించితే చేయి అందక లోపల తొక్కుతారు, మట్టి గట్టిపడుతుంది. టమాటాకు, వంగకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మురుగునీరు మొక్కలకు బలమన్న మాట ప్రమాదకరమైనది, ఆకుకూరలకు అది పోయనే కూడదు. మునగ ఇంటి దగ్గర అరిష్టమన్న మాటలో నిజం లేదు. కాని దాని కొమ్మలు పెళుసు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానును చూసిన తీరం మనది, కనుక ఏటా వానలకు ముందే కొట్టి పొట్టిగా ఉంచితే గాలికీ తట్టుకుంటుంది, ఆకూ చేతికి అందుతుంది.