డ్రమ్మర్ చేతికి బొబ్బలు ఎందుకొస్తాయి

1968లో లండన్‌లో బీటిల్స్ బ్యాండ్ ఒక పాట రికార్డింగ్‌లో దాన్ని మళ్ళీ మళ్ళీ వాయిస్తూ పోతే, చివర్లో డ్రమ్మర్ రింగో స్టార్ తన వేళ్ళకు బొబ్బలొచ్చాయని గట్టిగా అరిచాడు. ఆ అరుపు రికార్డులో అలాగే ఉండిపోయింది.

బొబ్బ అంటే పైచర్మం అరగడమే అనుకుంటాం గానీ, జరిగేది వేరు. చర్మం పైపొర డ్రమ్ము వాయించే స్టిక్‌ను అంటుకుని దాంతోపాటే కదులుతుంది, కింద ఎముక ఇంకో తీరుగా కదులుతుంది, ఈ రెండిటి మధ్య నలిగే కణాల పొర సాగి సాగి చివరికి చిరుగుతుంది, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. కాస్త చెమట పట్టిన చర్మం పొడి చర్మం కంటే ఎక్కువగా అతుక్కుంటుంది కాబట్టి లాగుడు ఇంకా పెరుగుతుంది. చెమట మరీ ఎక్కువైతే స్టిక్ జారుతుంది, జారిందని బిగించి పడతాం, మళ్ళీ అదే బాధ.

అసలు చిక్కంతా ఆ బిగింపులోనే ఉందని నా నమ్మకం. కొట్టిన ప్రతిసారీ డ్రమ్ము స్టిక్‌ను వెనక్కి తంతుంది. పట్టు వదులుగా ఉంటే స్టిక్ తనంతట తానే పైకి లేస్తుంది, బిగిస్తే ఆ తన్నంతా చూపుడువేలు, బొటనవేలు భరించాలి. గిటార్ ఆంప్లిఫయర్ల హోరులో వినపడాలన్న టెన్షన్‌లో రాక్ డ్రమ్మర్లు చేసేది సరిగ్గా ఇదే.

అందుకే స్టిక్ సైజు ముఖ్యం. 5ఏ అనే సైజు స్టిక్ సుమారు 14.4 మిల్లీమీటర్ల లావు, 2బి అనేది సుమారు 16. తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ పొడవు ఒకటే అయితే 2బిలో కర్ర దాదాపు 23 శాతం ఎక్కువ! ఆ బరువే సగం పని చేస్తుంది, వేళ్ళు అంతగా ముడుచుకోనక్కర్లేదు. మణికట్టు త్వరగా అలుస్తుంది, అది వేరే సంగతి. లెడ్ జెపెలిన్ అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ తన లావు స్టిక్స్‌ను చెట్లు అని పిలిచేవాడు, సోలోల్లో ఒట్టి చేతులతోనూ వాయించేవాడు.

కర్ర విషయానికొస్తే హికరీ దెబ్బ అదురును బాగా తట్టుకుంటుంది, అమెరికాలో గొడ్డలి కామలు చేసేదీ దాంతోనే. ఓక్ బరువు, గట్టిది. మేపుల్ తేలిక.

టేపు బొబ్బ లేచాక కాదు, వేలు వేడెక్కుతున్నట్టు అనిపించగానే వేసుకోవాలి. గ్లవ్స్ వేసుకుంటే బిగుతుగా ఉండాలి, మడత పడితే ఆ మడతే ఒరుస్తుంది. లేచిన బొబ్బ పైచర్మాన్ని మాత్రం పీకొద్దు, కింది పచ్చి పుండుకు అదే కప్పు. కొన్నాళ్ళకు చేతులు కాయలు కాస్తాయి, మంచిదే, కానీ కాయ మరీ మందమైతే దాని అంచు కిందే కొత్త బొబ్బ లేస్తుంది, అందుకని స్నానం చేశాక మెత్తబడినప్పుడు కొంచెం రుద్ది పలచన చేసుకోవాలి.