ఏ తాళం ఎవరిదో కారుకెలా తెలుస్తుంది?

"ఇంట్లో ఇద్దరం నడుపుతాం, చెరో తాళం ఉంది. నా తాళంతో తీసినా సీటు మా ఆయన కొలతకే వెనక్కి పోతోంది. తాళం పాడైందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

తాళం నిక్షేపంగా ఉంది. సాధారణంగా సీటు, అద్దాలు, ఏసీ, రేడియో స్టేషన్ల వివరాలేవీ తాళంలో ఉండవు. అందులో ఉండేది ఒక గుర్తింపు సంఖ్య, ఒక రహస్య సంకేతం. ఏ సంఖ్యకు ఏ ప్రొఫైల్ (అంటే ఒక్కొక్కరి సీటు, అద్దాల వంటి సెట్టింగుల జాబితా) అన్న పట్టిక కారులోనే ఉంటుంది. అందుకే కొత్తగా చేయించిన డూప్లికేట్ తాళం కారును స్టార్ట్ చేస్తుంది గానీ మీ సీటును తెచ్చిపెట్టదు.

జేబులోంచి తియ్యక్కర్లేని తాళాలదే అసలు తమాషా. డోర్ హ్యాండిల్ మీద చెయ్యి పడగానే కారు యాంటెన్నా పిలుస్తుంది, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర. తాళం 433 మెగాహెర్ట్జ్‌లో (కొన్ని దేశాల్లో 315) బదులిస్తుంది. పిలుపుకి అంత తక్కువ పౌనఃపున్యం ఎందుకు? దాని తరంగదైర్ఘ్యం 2.4 కిలోమీటర్లు. కారు చుట్టూ ఉన్న ఒకటి రెండు మీటర్లలో అది తరంగమే కాదు, ఉత్త అయస్కాంత క్షేత్రం. దాని బలం దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది: దూరం రెట్టింపైతే 8వ వంతు, మూడింతలైతే 27వ వంతు. ఇంత నిటారుగా పడిపోతుంది కాబట్టే బలాన్ని బట్టి దూరం పట్టేయొచ్చు. ఆ బలాన్ని కొలవడానికి తాళంలో ఒకదానికొకటి లంబంగా మూడు తీగచుట్టలుంటాయి. జేబులో ఎటు తిరిగి పడున్నా కొలత తప్పదు. క్యాబిన్‌లో, డిక్కీలో ఉన్న యాంటెన్నాలు వంతులవారీగా పిలుస్తాయి. ఆ కొలతలన్నీ పోల్చితే తాళం లోపలుందో బయటుందో తేలిపోతుంది.

ఇక చిక్కు చూడండి. ఇద్దరూ కలిసి కారు దగ్గరికొస్తే, లేదా రెండో తాళం మీ బ్యాగులోనే ఉంటే, రెండూ బదులిస్తాయి. ఏది లెక్కలోకి తీసుకోవాలన్నది కంపెనీ రాసిన నియమం, మీ ఇష్టం కాదు.

కాబట్టి సెట్ చేసేటప్పుడు రెండో తాళాన్ని కనీసం పది మీటర్ల అవతల పెట్టండి. బండి ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, స్క్రీన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ ప్రొఫైల్ తెరిచి, తాళాన్ని దానికి జత చెయ్యండి. ఆ తరవాతే సీటు, అద్దాలు సర్దుకోండి. కొన్ని కార్లలో సీటు మెమరీ, స్క్రీన్ ప్రొఫైల్ వేర్వేరు కంప్యూటర్లలో ఉంటాయి. ఒకటి సేవ్ చేస్తే రెండోది కాదు, డోర్ మీది మెమరీ బటన్ కూడా నొక్కాలి. లాక్ చేసి, అదే తాళంతో తీసి చూడండి. తరవాత రెండో తాళానికీ ఇదే తంతు.

చాలా కార్లు ఇంజిన్ ఆపేటప్పటి స్థితినే సేవ్ చేసుకుంటాయి. మీ తాళంతో ఇంకో పొడగరి నడిపితే ఆయన సీటే మీదైపోతుంది. తాళం ఇచ్చే ముందు గెస్ట్ ప్రొఫైల్‌కి మార్చండి.

వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ మీద తాళం పెట్టకండి. ఆ ప్యాడ్ పనిచేసేది సుమారు 110–205 కిలోహెర్ట్జ్ మధ్య. 125 అందులోనే ఉంది, పిలుపు ఆ రొదలో కలిసిపోతుంది. చాలా తాళాల్లో ఉండే 3 వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే, లోపలి మెటల్ తాళంతో తలుపు తీసి, తాళాన్ని మాన్యువల్‌లో చూపిన చోట ఆనించి స్టార్ట్ చెయ్యొచ్చు. చిప్‌కి కావలసిన కరెంటు కారే అందిస్తుంది. తలుపు దగ్గర పిలుపు జరగలేదు గనక కొన్ని కార్లలో పాత సీటే ఉండిపోతుంది; స్క్రీన్ మీద ప్రొఫైల్‌ని చేత్తో ఎంచుకోవాలి.