నీటిలో పుట్టిందా, నిప్పులో పుట్టిందా: బసాల్ట్ వివాదం, అబ్రహాం వెర్నర్

బసాల్ట్ అనే నల్లరాయి లావా చల్లారి గడ్డకట్టినది అని ఇవాళ హైస్కూలు పాఠాల్లోనే ఉంటుంది. ఈ ఒక్క మాట తేలడానికి యూరప్‌లో సుమారు అర్ధ శతాబ్దం పట్టింది. అన్నాళ్లు నలగడానికి ఒక ముఖ్య కారణం జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త అబ్రహాం గాట్లాబ్ వెర్నర్. ఆయనను పొరపాటు సిద్ధాంతానికి చిరునామాగా చూపి దాటిపోవడం భూగర్భ శాస్త్ర చరిత్రలు రాసేవారికి చాలాకాలం అలవాటుగా ఉండేది. అది సగం నిజం మాత్రమే.

వెర్నర్ 1749 సెప్టెంబరు 25న వేరావులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి ఇనుప కార్ఖానా పర్యవేక్షకుడు కావడంతో ముడి ఖనిజం, కొలిమి, రాతి ముక్కలు ఆయనకు చిన్ననాటి నుంచే పరిచయం. అప్పటి శాక్సనీ రాజ్యం 1756 నుంచి 1763 వరకు సాగిన ఏడేళ్ల యుద్ధంలో ఆర్థికంగా చితికిపోయింది. మళ్లీ నిలదొక్కుకోవాలంటే ఫ్రైబర్గ్ వెండి గనులే దిక్కని భావించిన పాలకులు, గనుల పనిని శాస్త్రీయంగా నేర్పేందుకు 1765లో అక్కడ గనుల అకాడమీని స్థాపించారు. వెర్నర్ 1769లో అందులో చేరి, ఆ తర్వాత న్యాయశాస్త్రం చదవడానికి లైప్‌జిగ్ వెళ్లారు గాని, ఆయన మనసు ఖనిజాల మీదే నిలిచింది.

లైప్‌జిగ్‌లో ఉండగానే 1774లో, ఖనిజాలను వాటి బాహ్య లక్షణాలను బట్టి ఎలా గుర్తుపట్టాలో చెబుతూ ఆయన ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. గనిలో పనిచేసేవాడికి రసాయనశాల అందుబాటులో ఉండదు. కంటికి కనిపించే రంగు, మెరుపు, విరిగిన అంచు తీరు, చేతికి తెలిసే బరువు, చల్లదనం, గీస్తే పడే గీత రంగు, అవసరమైతే వాసన, రుచి కూడా అతడికి ఆధారాలు. ఈ లక్షణాలకు నిలకడైన పేర్లు లేకపోతే ఒకరు చూసింది మరొకరికి చెప్పడం కుదరదని గ్రహించిన వెర్నర్, రంగులనే తీసుకుని మంచు తెలుపు, బూడిద రంగు, మఖమల్ నలుపు, బెర్లిన్ నీలం, పచ్చల ఆకుపచ్చ, నిమ్మపండు పసుపు అంటూ ఒక్కో వర్గానికి ఒక ప్రామాణిక ఛాయను నిర్ణయించారు. ఎడిన్‌బరో చిత్రకారుడు పాట్రిక్ సైమ్ 1814లో ఈ వర్గీకరణను విస్తరించి రంగుల నమూనాలతో ప్రచురించగా, చార్లెస్ డార్విన్ బీగిల్ నౌకాయానానికి ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లారు. నా దృష్టిలో వెర్నర్ అసలు ఘనత ఇదే.

మరుసటి ఏడాది, 1775లో, ఫ్రైబర్గ్ అకాడమీ ఆయనను అధ్యాపకుడిగా పిలిచింది. నలభై ఏళ్లకు పైగా ఆయన ఆ ఊరు వదల్లేదు. రాసింది తక్కువ, ఉత్తరాలకు జవాబివ్వడం కూడా ఇష్టపడని మనిషి. అయినా ఆయన పాఠం వినడానికి యూరప్ నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చేవారు. ఆదిలో భూమినంతటినీ ఒక మహాసముద్రం కప్పి ఉండేదని, అందులో కరిగి ఉన్న పదార్థం నుంచి మొదట గ్రానైట్, నైస్ వంటి ఆదిమ శిలలు పేరుకున్నాయని, నీరు తగ్గే కొద్దీ శిలాజాలున్న సున్నపురాయి, ఇసుకరాయి, బొగ్గు పొరలు ఏర్పడ్డాయని ఆయన బోధించారు. అగ్నిపర్వతాలు ఆయన లెక్కలో చాలా ఇటీవలివి: భూమి లోపలి బొగ్గు పొరలు అంటుకోవడం వల్ల చుట్టుపక్కల రాళ్లు కరిగి పైకి రావడమే. అంత నీరు చివరకు ఎటుపోయిందన్న ప్రశ్నకు మాత్రం ఈ సిద్ధాంతంలో సరైన సమాధానం ఎన్నడూ లేదు.

తగాదా బసాల్ట్ దగ్గర ముదిరింది. 1787లో వెర్నర్ శాక్సనీలోని షైబెన్‌బర్గ్ కొండకు వెళ్లారు. అక్కడ అడుగున ఇసుక, దానిపై బంకమన్ను, ఆపైన మెత్తని వాకె అనే రాయి, అన్నిటికీ పైన బసాల్ట్ స్తంభాలు వరుసగా ఉన్నాయి. ఒక పొర మరో పొరలోకి క్రమంగా మారుతున్నట్లు కనిపించడంతో, అడుగున ఉన్నవి నీటిలో పేరుకున్నవైతే పైనున్నదీ అంతేనని ఆయన తీర్మానించి, మరుసటి ఏడాది ప్రకటించారు. ఆ ఒక్క కొండనే చూసినవారికి అది తర్కానికి నిలిచే వాదనే. పాత నది మేట మీదుగా లావా పారిందని, అందుకే ఆ వరుస అలా ఉందని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

ఫ్రాన్స్‌లో నికొలా దెమారె 1763లోనే ఓవెర్న్ ప్రాంతంలో బసాల్ట్ స్తంభాలను లావా ప్రవాహాలతో ముడిపెట్టి చూపారు. స్కాట్లాండ్‌లో జేమ్స్ హట్టన్ భూగర్భ ఉష్ణమే శిలలకు మూలమన్నారు. ఆయన మిత్రుడు జేమ్స్ హాల్ 1798లో బసాల్ట్‌ను కొలిమిలో కరిగించి, త్వరగా చల్లారిస్తే గాజులా, నెమ్మదిగా చల్లారిస్తే మళ్లీ రాయిలా మారుతుందని ప్రయోగంతో నిరూపించారు. వెర్నర్ పూర్వ శిష్యుడు ఫోయిగ్ట్ సొంత దేశంలోనే గురువును బాహాటంగా ఎదిరించారు.

వెర్నర్ పక్షానే నిలిచిన శిష్యులను మార్చింది మాత్రం ప్రయాణాలు. దొబుయిసోన్ అనే ఫ్రెంచి విద్యార్థి 1803లో గురువును సమర్థిస్తూ శాక్సనీ బసాల్ట్‌పై రాసి, ఆ వెంటనే ఓవెర్న్ చూసి తన అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నారు. లియొపోల్డ్ ఫాన్ బూఖ్ ఇటలీ, ఓవెర్న్ తిరిగి కూడా జర్మనీ బసాల్ట్ సంగతి వేరేమో అని కొంతకాలం తటపటాయించారు. మరో శిష్యుడు, యాత్రికుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ అభిప్రాయం దక్షిణ అమెరికా అగ్నిపర్వతాలను చూశాక మారింది. పొరను పొరగా చూసి వరుస రాసుకోవడం వీరందరికీ నేర్పింది వెర్నరే. ఎడిన్‌బరోలో రాబర్ట్ జేమ్సన్ 1808లో ఆయన పేరిట ఒక సంఘమే పెట్టి పాత సిద్ధాంతాన్ని పట్టుకుని ఉన్నారు; జేమ్సన్ పాఠాలు విని విసుగెత్తిన విద్యార్థుల్లో డార్విన్ ఒకరు.

వెర్నర్ 1817 జూన్ 30న డ్రెస్డెన్‌లో మరణించారు. ఆయన స్థానంలోకి వచ్చిన శిష్యుడు ఫ్రీడ్రిష్ మోస్, ఖనిజాల కాఠిన్యానికి నేటికీ వాడుతున్న పది మెట్ల కొలమానాన్ని రూపొందించినవారు.

ఈ వివాదానికి దక్కన్‌తోనూ సంబంధం ఉంది. వెర్నర్ మరణించిన కొద్ది ఏళ్లకే, హైదరాబాద్ ప్రాంతంలో సర్వే బృందానికి వైద్యుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ 1823లో గావిల్‌గఢ్ కొండల నల్లరాతి మధ్య శిలాజ గవ్వలను గుర్తించారు. రాజమహేంద్రవరం దగ్గరి కాటేరులో రెండు బసాల్ట్ ప్రవాహాల నడుమ గవ్వలున్న సున్నపురాయి పొర కనిపిస్తుంది. వెర్నర్ చూసి ఉంటే దాన్ని తన వాదానికే సాక్ష్యంగా తీసుకునేవారేమో. ఒక లావా ప్రవాహానికీ మరోదానికీ మధ్య గడిచిన విరామంలో అక్కడ నీరు నిలిచిందని నేటి భూగర్భ శాస్త్రవేత్తల వివరణ.