చెవులకు తగిలించుకునే కెపాసిటర్

మామూలు హెడ్‌ఫోన్ విప్పి చూస్తే ఒక అయస్కాంతం, దాని సందులో సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన పొర కనిపిస్తాయి. పాట వస్తున్నంతసేపూ చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతూ పొరను కదిలిస్తుంది. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌లో అయస్కాంతమూ లేదు, చుట్టా లేదు. చిల్లులున్న రెండు పలకలు ఎదురెదురుగా ఉంటాయి, వాటిని స్టేటర్లంటారు. వాటి మధ్య బిగించి కట్టిన ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని మందం ఒకటి రెండు మైక్రాన్లే. తల వెంట్రుక దానికంటే కొన్ని పదుల రెట్లు మందం. పొరకూ స్టేటర్‌కూ మధ్య ఎడం సుమారు అర మిల్లీమీటరు. పొరకు కొన్ని వందల వోల్టుల స్థిర వోల్టేజ్ ఇచ్చి చార్జ్ చేసి ఉంచుతారు. దాని పేరు బయాస్. పాట సిగ్నల్ ఒక స్టేటర్‌కు ప్లస్ అయినప్పుడు రెండోదానికి మైనస్‌గా వెళ్తుంది. ఒకటి లాగుతుంటే మరొకటి తోస్తుంది. ఆ బలం పొర మీద ఎక్కడో ఒక చోట కాక, పొర అంతటా ఒకేసారి పడుతుంది.

కరెంటు లెక్కలో ఇది అచ్చంగా కెపాసిటర్, అంటే ఎదురెదురు పలకల మధ్య చార్జ్ పట్టి ఉంచే భాగం. ఏ హెడ్‌ఫోన్ మేలు, ఏ యాంప్ (సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్) మేలు, ఏ మార్పు చేస్తే లాభం అనే చర్చ వచ్చిన ప్రతిసారీ నేను ముందు చూసేది ఈ కెపాసిటర్ లెక్కే. అది వేసి చూస్తే సగం వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి.

పొర మీది చార్జ్ మారకుండా నిలిచి ఉంటే, దాని మీద పడే బలం స్టేటర్ల మధ్య వోల్టేజ్‌ని బట్టే ఉంటుంది. పొర ఆ క్షణంలో ఎటు జరిగి ఉందన్నది లెక్కలోకి రాదు. ఈ డిజైన్‌లో వక్రీకరణ (ధ్వని రూపం చెడిపోవడం) అంత తక్కువగా ఉండటానికి అసలు కారణం ఇదే. పీటర్ వాకర్ ఈ సూత్రాన్ని 1955లో వ్యాసాలుగా వివరించి, 1957లో క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌గా మార్కెట్లోకి తెచ్చాడు. జపాన్‌కు చెందిన స్టాక్స్ సంస్థ 1960లో ఎస్‌ఆర్-1 పేరుతో దాన్నే చెవుల దగ్గరికి తెచ్చింది. చార్జ్ నిలవాలంటే రెండు జాగ్రత్తలు కావాలి. పొర మీది పూత చాలా ఎక్కువ నిరోధం ఉన్నదై ఉండాలి, బయాస్ వచ్చే దారిలో కొన్ని మెగా ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఈ రెసిస్టర్ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

పోల్చడం గురించి చెప్పాలంటే బయాస్‌తోనే మొదలుపెట్టాలి. పాత స్టాక్స్ హెడ్‌ఫోన్లకు బయాస్ 230 వోల్టులు, ప్లగ్‌కు 6 పిన్నులు. తర్వాత వచ్చిన ప్రో రకాలకు 580 వోల్టులు, 5 పిన్నులు. కోస్ ఈఎస్‌పి/950కి 600 వోల్టులు. 1991లో 300 సెట్లే తయారు చేసిన సెన్‌హైజర్ ఆర్ఫియస్‌కు 500 వోల్టులు. ఒకే సిగ్నల్‌కు ఎంత గట్టిగా వినిపిస్తుందన్నది బయాస్‌తో పాటు పెరుగుతుంది. 500 వోల్టుల మీద నడవాల్సినదాన్ని అడాప్టర్‌తో 580 ఇచ్చే యాంప్‌కు తగిలిస్తే శబ్దం సుమారు 1.3 డెసిబెల్స్ పెరుగుతుంది. అంత చిన్న తేడా చెవికి శబ్దం పెరిగినట్టుగా తెలియదు. స్పష్టత పెరిగినట్టు, వాద్యాలు విడివిడిగా వినిపిస్తున్నట్టు అనిపిస్తుంది. కొత్త యాంప్ గురించి రాసే పొగడ్తల్లో ఎన్నింటికి మూలం ఇలాంటి ఒకటిన్నర డెసిబెల్ అయి ఉంటుందో!

అందుకే రెండు యాంప్‌లను పోల్చేముందు వోల్టేజ్ సరిచేసుకోవాలి. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి రెండు స్టేటర్ల మధ్య ఏసీ వోల్టేజ్ కొలిచి, రెండు యాంప్‌ల దగ్గరా ఒక్క శాతం తేడా లోపలికి తేవాలి. ఒక్క శాతమంటే 0.1 డెసిబెల్ కంటే కాస్త తక్కువ. 400 హెర్ట్జే ఎందుకంటే మామూలు మల్టీమీటర్లు చాలావరకు పై ఫ్రీక్వెన్సీల్లో సరిగ్గా చూపించవు.

ఇంకో చిక్కు ఉంది. ప్లగ్ ఒక యాంప్ నుంచి తీసి మరోదానికి పెడితే పొర మళ్లీ పూర్తిగా చార్జ్ కావడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆలోపు మొదట విన్నది మనసులోంచి జారిపోతుంది. నిజంగా పోల్చాలనుకునేవాళ్లు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టె కట్టుకోవడం మంచిది. బయాస్ ఎప్పుడూ ఒకే సప్లై నుంచి వస్తూ ఉండాలి, నాలుగు సిగ్నల్ తీగలు మాత్రమే ఇటూ అటూ మారాలి. రిలేలు అంత వోల్టేజ్‌కు తట్టుకునేవై ఉండాలి. స్విచ్ ఎటు ఉందో వినేవాళ్లకు తెలియకపోతే ఇంకా మంచిది.

హెడ్‌ఫోన్‌తో హెడ్‌ఫోన్‌ను పోల్చేటప్పుడు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇయర్‌ప్యాడ్. చెవి చుట్టూ గాలి లీకైతే బాస్ పడిపోతుంది, కళ్లజోడు కాడ చేసే చిన్న సందు చాలు. అరిగిపోయిన ప్యాడ్లతో ఉన్న పాత జతను కొత్త జతతో పోల్చి పాతదానికి బాస్ లేదనడం అన్యాయం. స్టాక్స్ ఎస్‌ఆర్-007 రెండో తరంలో ప్యాడ్ వెనక చిన్న గాలిదారి ఉంటుంది. చాలామంది దాన్ని మైనంలాంటి అంటు పదార్థంతో మూసేసి వింటారు. పైసా ఖర్చు లేని మార్పు, నచ్చకపోతే వెంటనే తీసేయొచ్చు. మార్పులు ఇలాంటివాటితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇక యాంప్లిఫయర్. స్టాక్స్ ఎస్‌ఆర్-009 కెపాసిటెన్స్ (చార్జ్ పట్టే సామర్థ్యం) కేబుల్‌తో కలిపి 110 పికోఫారడ్లు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది 1,45,000 ఓమ్‌ల లోడ్, 100 హెర్ట్జ్ దగ్గర అయితే కోటీ 45 లక్షల ఓమ్‌లు. 100 వోల్టుల సిగ్నల్‌కు 101 డెసిబెల్స్ వస్తుంది. అంటే మామూలుగా వినే 80 డెసిబెల్స్ ప్రాంతానికి 10 వోల్టులు సరిపోతాయి, సంగీతంలో ఒక్కసారిగా లేచే శిఖరాలకు 100 వోల్టులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. కరెంటు మాత్రం ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతూ పోతుంది. అదే 100 వోల్టులకు 100 హెర్ట్జ్ దగ్గర 7 మైక్రో ఆంపియర్లు చాలు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.07 మిల్లీ ఆంపియర్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 1.4 మిల్లీ ఆంపియర్లు. సంగీతంలో అంత పైన అంత బలమైన సిగ్నల్ అరుదు కాబట్టి చిన్న యాంప్ కూడా చాలావరకు నెట్టుకొస్తుంది. ఇబ్బంది వస్తే తాళాలు, సింబల్స్ గట్టిగా మోగే చోట వస్తుంది.

ఈ అంకెలు చేతిలో ఉంటే ఏ మార్పు పనికొస్తుందో కనిపిస్తుంది. స్టాక్స్ ఎస్‌ఆర్‌ఎం-టి1 లాంటి యాంప్‌లలో చివరి దశ ట్యూబ్ యానోడ్‌కూ (సిగ్నల్ బయటికొచ్చే కొసకూ) హై వోల్టేజ్ సప్లైకీ మధ్య ఒక రెసిస్టర్ ఉంటుంది. లెక్క సులువు కోసం దాన్ని 50,000 ఓమ్‌లు అనుకుందాం. స్టేటర్ల మధ్య 100 వోల్టుల సిగ్నల్ వచ్చినప్పుడు ఒక్కో వైపు పడేది అందులో సగం, 50 వోల్టులు, దానికి ఆ రెసిస్టర్ ఒక్కటే 1 మిల్లీ ఆంపియర్ లాగేస్తుంది. అదే క్షణంలో 1 కిలోహెర్ట్జ్ దగ్గర హెడ్‌ఫోన్‌కు వెళ్లేది 0.07. అంటే ట్యూబ్ పడే కష్టంలో దాదాపు అంతా రెసిస్టర్ వేడెక్కడానికే పోతోంది. ఆ రెసిస్టర్ తీసేసి దాని చోట స్థిర కరెంటు సర్క్యూట్ పెడితే సిగ్నల్ కరెంటు దాదాపు మొత్తం హెడ్‌ఫోన్‌కే మిగులుతుంది. వక్రీకరణ తగ్గుతుంది, పై ఫ్రీక్వెన్సీల్లో వోల్టేజ్ ఊపు పెరుగుతుంది. ఇందుకు ఎక్కువ వోల్టేజ్‌కు తట్టుకునే ట్రాన్సిస్టర్లు, మంచి హీట్‌సింక్ కావాలి. ట్యూబులు మార్చి మార్చి వినడం కన్నా ఈ ఒక్క మార్పుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కెవిన్ గిల్మోర్ డిజైన్ చేసిన బ్లూ హవాయి యాంప్‌లో ఈఎల్34 ట్యూబులకు మొదటి నుంచీ ఇలాంటి కరెంటు సోర్సులే లోడ్‌గా ఉన్నాయి. ఆయన తన సర్క్యూట్లు అందరికీ అందుబాటులో పెట్టడం వల్లే ఎంతోమంది సొంతంగా కట్టుకోగలిగారు.

కేబుల్ విషయంలోనూ ఇదే లెక్క. తీగ వెండిదా రాగిదా అన్నదాని మీద చాలా మాటలు ఖర్చవుతాయి. ఇక్కడ చూడాల్సింది కెపాసిటెన్స్. మీటరుకు 100 పికోఫారడ్లున్న మామూలు షీల్డెడ్ తీగతో పొడుగు పెంచితే, ఒక్క మీటరుకే యాంప్ మీద లోడ్ దాదాపు రెట్టింపు అవుతుంది. స్టాక్స్ కేబుళ్లు రిబ్బన్‌లా వెడల్పుగా, తీగలు దూరదూరంగా ఉండటం అందం కోసం కాదు.

బయాస్ కొలిచేటప్పుడు జరిగే పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, అది ఖరీదైనది కాబట్టి. యాంప్ సాకెట్ మధ్య పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 580 బదులు 387 కనిపించింది అనుకోండి. యాంప్ పాడైందేమో అని టెన్షన్ పడక్కర్లేదు. మీటర్ లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు, బయాస్ దారిలో ఉన్న రెసిస్టర్ 5 మెగా ఓమ్‌లు. మూడో వంతు వోల్టేజ్ ఆ రెసిస్టర్ దగ్గరే పడిపోతుంది, మీటర్‌కు మిగిలేది 387. ఇది తెలియక మీటర్ 580 చూపించేదాకా ట్రిమ్మర్ (వోల్టేజ్ సర్దే చిన్న మర) తిప్పితే అసలు బయాస్ 870కి చేరుతుంది, పొర బలి అవుతుంది. రెసిస్టర్‌కు ముందువైపు కొలవాలి, లేదా 1000 మెగా ఓమ్‌ల హై వోల్టేజ్ ప్రోబ్ వాడాలి. అప్పుడు 577 చూపిస్తుంది.

పాత 230 వోల్టుల జతను 580 సాకెట్‌కు తగిలిస్తే 8 డెసిబెల్స్ అదనంగా వస్తుందని ఆశపడేవాళ్లుంటారు. లెక్క నిజమే. కానీ ఆ పాత జతల్లో ఎడం సుమారు 0.3 మిల్లీమీటర్లే. అక్కడ 580 వోల్టులంటే మిల్లీమీటరుకు 1,900 వోల్టులు దాటుతుంది. గాలి తట్టుకునేది సుమారు 3,000. దాని మీద సిగ్నల్ వోల్టేజ్ కలిసి, పొర స్టేటర్ వైపు జరిగిన క్షణంలో నిప్పురవ్వ లేవడానికి ఎంతో సేపు పట్టదు. అది లేవకపోయినా, ఆకర్షణ పొర బిగువును మించితే పొర వెళ్లి స్టేటర్‌కు అతుక్కుపోతుంది. ఈ మార్పు చేయొద్దు.

యాంప్ మూత తీసేముందు ఒక మాట. బయాస్ దారిలో మెగా ఓమ్‌లుంటాయి కాబట్టి దాని కరెంటు స్వల్పం. చివరి దశకు వెళ్లే సప్లై అలా కాదు. ప్లస్ 350, మైనస్ 350 వోల్టులంటే ఆ రెండింటి మధ్య 700. ప్లగ్ పీకేశాక కూడా పెద్ద కెపాసిటర్లు ఆ చార్జ్‌ని పట్టుకునే ఉంటాయి. సరైన రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. యాంప్ నడుస్తుండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి వెనక్కు పెట్టుకోవాలి, పక్కన మరో మనిషి ఉండాలి. హై వోల్టేజ్ పని అలవాటు లేనివాళ్లు దీన్ని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

పాత జత కొన్నవాళ్లకు తరచుగా ఎదురయ్యేది ఒక చెవిలో శబ్దం తగ్గడం. యాంప్ ఇన్‌పుట్ దగ్గర కుడి ఎడమ తీగలు మార్చి చూడండి. తగ్గుదల రెండో చెవికి మారితే లోపం యాంప్‌కు ముందే ఉంది. అదే చెవిలో ఉండిపోతే లోపం యాంప్‌లోనో హెడ్‌ఫోన్‌లోనో ఉన్నట్టు. మరో యాంప్‌తోనూ అలాగే ఉంటే హెడ్‌ఫోన్‌లో చార్జ్ లీకవుతోందన్నమాట, సాధారణంగా తేమ వల్లో దుమ్ము వల్లో. పొడి గదిలో కొన్ని గంటలు యాంప్‌కు తగిలించి ఉంచితే కొన్ని కోలుకుంటాయి. డ్రైవర్ ముందుండే సన్నని దుమ్ముతెర చిరిగిందేమో కూడా చూడాలి. ట్రెబుల్ పెరుగుతుందని ఆ తెర తీసేసేవాళ్లున్నారు. చార్జ్ ఉన్న పొర దుమ్మును తనవైపు లాక్కుంటుంది, నాలుగు రోజుల్లోనే చిటపటలు మొదలవుతాయి. తెర చిరిగితే అంతే సన్నని కొత్త పొర బిగించాలి. అప్పటికీ ఆ చెవి కోలుకోకపోతే పూత పోయినట్టే, డ్రైవర్ విప్పి పొరకు కొత్త పూత వేయాలి లేదా డ్రైవర్ మార్చాలి. మార్చేటప్పుడు రెండు వైపులా ఒకే బ్యాచ్‌వి వేయిస్తేనే సున్నితత్వం కలుస్తుంది.