ఇంజెక్షనా క్యాప్సూలా అనే కంటే ముందు అడగాల్సిన మాట

పోయిన వేసవిలో మా తోడికోడలు ఫోన్ చేసి ముందు కాసేపు ఏడ్చింది, తర్వాత మాట్లాడింది. ఐవీఎఫ్‌లో, అంటే శరీరం బయట తయారుచేసిన పిండాన్ని గర్భాశయంలో పెట్టే పద్ధతిలో, ఎంబ్రియో (పిండం) పెట్టి అప్పటికి మూడు రోజులు. అది నిలవడానికి ప్రొజెస్టెరోన్ అనే హార్మోన్ మందు రాస్తారు, గొడవంతా దాని గురించే. "అక్కా, నీకు రోజూ ఇంజెక్షన్ వేశారు కదా, నాకేమో ఒట్టి కింద, యోనిలో పెట్టుకునే క్యాప్సూల్స్ రాశారు, నా పక్కన కూర్చున్నావిడకి అయితే నోట్లో వేసుకునే డుఫాస్టాన్ మాత్రే అట, నాకు తక్కువ మందు ఇస్తున్నారంటావా?" అని. నేను అడిగింది ఒక్కటే, "నీది ఫ్రెష్షా, ఫ్రోజెనా?"

ఫ్రెష్ అంది, అంటే అండాలు తీసిన నెలలోనే పిండాన్ని పెట్టడం, ఫ్రోజెన్ అంటే పిండాన్ని ఫ్రీజ్ చేసి ఉంచి తర్వాత పెట్టడం. సగం సమాధానం అక్కడే ఉంది, ఎందుకో చెప్తాను.

మామూలు నెలలో అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిపోయిన ఖాళీ సంచి ఊరికే పోదు, పసుపుపచ్చటి చిన్న ముద్దలా మారుతుంది, దాన్నే కార్పస్ లూటియం అంటారు, లాటిన్‌లో ఆ మాటకి అర్థం కూడా పసుపు ముద్దే. ప్రొజెస్టెరోన్ తయారుచేసేది ఇదే, నెల మధ్య దాటాక రోజుకి సుమారు 25 మిల్లీగ్రాముల దాకా. గర్భాశయం లోపలి పొర పిండాన్ని పట్టుకునేలా మెత్తగా తయారవ్వాలన్నా, గర్భాశయం ఊరికే బిగుసుకోకుండా నెమ్మదిగా ఉండాలన్నా ఆ హార్మోనే కావాలి. పిండం అతుక్కుంటే అది హెచ్‌సీజీ అనే హార్మోన్ పంపించి ఆ ముద్దని బతికించుకుంటుంది, అతుక్కోకపోతే రెండు వారాల్లో ముద్ద వాడిపోయి పీరియడ్ వచ్చేస్తుంది.

ఇప్పుడు ఐవీఎఫ్ సంగతి. ఫ్రెష్ సైకిల్‌లో ఇంజెక్షన్లతో ఒకేసారి చాలా అండాలు పెంచుతారు కాబట్టి పసుపు ముద్దలు ఒకటి కాదు, బోలెడు ఉంటాయి, కానీ హార్మోన్లు ఒక్కసారిగా అంత పెరిగేసరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్ పంపడం తగ్గించేస్తుంది, ఆ ఎల్‌హెచ్ లేకపోతే ముద్దలు ముందే నీరసపడిపోతాయి. అంటే ఉన్నాయి, కానీ వాటికి తోడు కావాలి. ఫ్రోజెన్‌లో, ముఖ్యంగా ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చి పొర పెంచే పద్ధతిలో, అసలు అండమే విడుదల కాదు. ముద్ద లేదు. అక్కడ బయటినుంచి ఇచ్చేదే మొత్తం ప్రొజెస్టెరోన్, ఒక్క డోసు తప్పినా దాన్ని సర్దేవాళ్ళు లోపల ఎవరూ లేరు. నాది అదే. అందుకే నాకు ఇంజెక్షన్, తనకి క్యాప్సూల్, ఎవరికీ ఎవరూ తక్కువ ఇవ్వలేదు.

ఇంకోరకం ఫ్రోజెన్ కూడా ఉంది, సొంతంగా అండం విడుదలయ్యే నెల చూసుకుని అప్పుడు పెట్టడం. 1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో పుట్టిన దుర్గ, మన దేశపు మొదటి ఐవీఎఫ్ పాప, అలా ఫ్రీజ్ చేసి సహజమైన నెలలో పెట్టిన పిండమే. ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖర్జీని బతికుండగా ఎవరూ నమ్మలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. అలాంటి నెలలో ముద్ద తన పని తను చేస్తూనే ఉంటుంది కాబట్టి బయటి మందు మీద అంత భారం పడదు.

మందుల రకాల దగ్గర అందరూ పొరపడేది మిల్లీగ్రాముల లెక్కలో. క్యాప్సూల్స్ రోజుకి 600, ఇంజెక్షన్ 50, డుఫాస్టాన్ పది పదిగా మూడుసార్లు అంటే 30, మరి 600 ఎక్కువ 30 తక్కువ అనుకుంటాం కదా, అలా పోల్చకూడదు, వెళ్ళే దారే వేరు. మామూలు ప్రొజెస్టెరోన్ నోట్లో వేసుకుంటే ఎక్కువ భాగాన్ని లివరే మార్చేస్తుంది, అలా మారినవాటిలో ఒకటి మెదడు మీద పనిచేసి మత్తుగా నిద్ర తెప్పిస్తుంది, గర్భాశయానికి చేరేది కొంచెమే. కింద పెట్టుకుంటే పక్కనే ఉన్న గర్భాశయం ముందు పీల్చుకుంటుంది, అందుకే రక్తపరీక్షలో నంబర్ చిన్నదిగా కనిపించినా లోపలి పొరలో మందు బాగానే ఉంటుంది. డుఫాస్టాన్‌లో ఉండేది డైడ్రోజెస్టెరోన్, ప్రొజెస్టెరోన్ అణువునే కాస్త మెలితిప్పినట్టు ఉంటుంది, లివర్ దాన్ని అంత తేలిగ్గా పాడుచేయలేదు, కానీ మామూలు ప్రొజెస్టెరోన్ టెస్టులో అది లెక్కకి రాదు. అది తెలియక రిపోర్టులో తక్కువ చూసి రాత్రంతా నిద్రపోని వాళ్ళు ఉన్నారు, దయచేసి అలా భయపడకండి.

ఫ్రెష్ సైకిల్స్‌లో డైడ్రోజెస్టెరోన్‌ని కింద పెట్టుకునే మందుతో పోల్చి లోటస్ పేరుతో రెండు పెద్ద ట్రయల్స్ చేశారు, 2017లో వచ్చిన మొదటిదాంట్లో 12 వారాలకి గర్భం నిలిచినవాళ్ళు మాత్రలవైపు 37.6 శాతం, క్యాప్సూల్స్‌వైపు 33.1 శాతం. మాత్ర గొప్పదని కాదు, ఏమాత్రం తీసిపోదని. మా తోడికోడలి పక్కన కూర్చున్నావిడ మందు అదే. ఫ్రోజెన్‌లో కథ మారుతుంది. ఈస్ట్రోజెన్ మాత్రలతో పొర పెంచిన సైకిల్స్ మీద అమెరికాలో వెయ్యికి పైగా ట్రాన్స్‌ఫర్లతో చేసిన ట్రయల్‌లో, 2021లో పూర్తి ఫలితాలు వచ్చాయి, రోజూ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 44 శాతానికి, కింద పెట్టుకునే మందుతోపాటు మూడు రోజులకోసారి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 46 శాతానికి పాప పుట్టింది, ఒట్టి కింద పెట్టుకునేదే వాడినవాళ్ళలో 27 శాతానికే. అది ఒక మందు, ఒక డోసు మీద వచ్చిన లెక్క, కాబట్టి అన్ని క్యాప్సూల్స్‌కీ అంటగట్టలేం, కానీ మీది ఈస్ట్రోజెన్ మాత్రలతో చేసే ఫ్రోజెన్ అయ్యుండి ఒట్టి క్యాప్సూల్స్ మీదే ఉంటే, "నా ప్రొజెస్టెరోన్ లెవెల్ ఒకసారి చూస్తారా, ఇంజెక్షన్ కలపాలా" అని అడగడం మీ హక్కు. లెవెల్ తక్కువుంటే మందు పెంచే క్లినిక్కులు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

ఇంజెక్షన్ బాధ నాకు తెలుసు. ప్రొజెస్టెరోన్ నీళ్ళలో కరగదు, నూనెలోనే కరుగుతుంది, చాలావాటిలో అది నువ్వుల నూనె, మనం ఆవకాయలో పోసేదాని గింజే. మా వీధి నర్సమ్మ రాత్రి ఎనిమిదింటికి వచ్చేది, వచ్చేసరికి నేను మందు సీసాని అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టి ఉంచేదాన్ని, చల్లగా ఉంటే నూనె చిక్కగా ఉండి సిరంజిలోకి ఎక్కడానికే నిమిషం పట్టేది. లావు సూదితో తీసి, సన్నది మార్చి, పిరుదు పైభాగంలో బయటివైపు గుచ్చేది, ఒకరోజు కుడి ఒకరోజు ఎడమ. అయినా మూడో వారానికి రెండువైపులా గడ్డలు కట్టి పక్కకి తిరిగి పడుకోలేకపోయాను, వేడినీళ్ళ కాపడంతో కాస్త నయం. నువ్వులు పడనివాళ్ళు ఈ సంగతి ముందే చెప్పాలి. నీళ్ళలా పల్చగా ఉండి చర్మం కిందే వేసుకునే 25 మిల్లీగ్రాముల రకం కూడా ఉంది, నొప్పి తక్కువ. కింద పెట్టుకునే జెల్ వాడేవాళ్ళకి తెల్లగా ముద్దలు ముద్దలుగా బయటికి వస్తుంది, అది మందు తాలూకు మిగులు, ఇన్‌ఫెక్షన్ అని హడలిపోవద్దు, దురదో వాసనో ఉంటే మాత్రం చూపించుకోండి.

ఇంకోటి, రొమ్ముల నొప్పి, కడుపుబ్బరం, నిద్రమత్తు, ఇవన్నీ ప్రొజెస్టెరోన్ చేసే పనులే, గర్భం వచ్చినా రాకపోయినా. ఉన్నాయని సంబరపడద్దు, లేవని ఏడవద్దు. పీరియడ్ రాకపోవడం కూడా మందువల్ల కావచ్చు, రక్తపరీక్షే చెప్పాలి.

మా తోడికోడలికి పాజిటివ్ వచ్చాక మళ్ళీ ఫోన్, ఈసారి ఎప్పుడు ఆపాలని. ఏడో వారం నుంచి తొమ్మిదో వారం మధ్య ఆ పనిని మావి మెల్లగా తన చేతిలోకి తీసుకుంటుంది, అందుకే ముద్ద లేని నాలాంటివాళ్ళకి పది, పన్నెండు వారాల దాకా ఇస్తారు, ఫ్రెష్‌లో తనకి సొంత ముద్దలు హెచ్‌సీజీతో మళ్ళీ లేచి కూర్చుంటాయి కాబట్టి ముందే ఆపే డాక్టర్లూ ఉన్నారు. తనని ఎనిమిదో వారంలో ఆపమన్నారట. "నీకు పన్నెండు కదక్కా" అంది. "నాది ఫ్రోజెన్ కదమ్మా" అన్నాను.