సముద్రం వెనక్కి వెళ్తే వాచీ చూడండి

ఏడాదికి ఒకటి రెండుసార్లయినా మా విశాఖలో ఈ కబురు తిరుగుతుంది: "ఆర్కే బీచ్‌లో సముద్రం వెనక్కి వెళ్లిపోయింది." ఇక ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో బండి పెట్టుకోవడానికి చోటుండదు. రోజూ నీళ్లలో మునిగి ఉండే రాళ్లు పాకుడుతో సహా బయటపడి ఉంటాయి. వాటి మీదకెక్కి సెల్ఫీలు తీసుకునేవాళ్లు, గవ్వలు ఏరేవాళ్లు, రాళ్ల గుంటల్లో చిక్కుకున్న పీతపిల్లల్ని పుల్లతో కదిపే పిల్లలు. పోయినసారి నేనూ వెళ్లాను. ముంత మిక్చర్ కలుపుతున్నాయన ఉల్లిపాయలు తరుగుతూనే, "సునామీ వచ్చేత్తాదేటండి?" అని అడిగి తనే నవ్వేశాడు.

రాదు. ఆ రోజు వెనక్కి లాగింది చంద్రుడే. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలోకి వచ్చి నీటిని లాగుతారు కాబట్టి పోటు ఎక్కువగా ఎక్కుతుంది, ఆటు ఎక్కువగా దిగుతుంది. దానికి తోడు మన తీరంలో సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. గాలులు, ప్రవాహాలు, నదుల నుంచి వచ్చే నీరు, ఇవన్నీ కలిసి అక్టోబర్, నవంబర్‌లలో దాన్ని పైకి తెస్తాయి. మార్చి వచ్చేసరికి బాగా దించేస్తాయి. మార్చిలో పౌర్ణమి నాటి ఆటు సమయానికి బీచ్‌కి వెళ్తే రాళ్లు కనబడక ఏమవుతాయి!

చిక్కేమిటంటే, అసలు సునామీ కూడా చాలాసార్లు ఇదే వేషంలో వస్తుంది. ముందు నీళ్లు తీస్తాయి, రాళ్లు తేలతాయి, చేపలు ఇసుక మీద కొట్టుకుంటాయి. సునామీ అంటే ఒక్క కెరటం కాదు, పొడవాటి కెరటాల వరస. ఆ వరసలో పల్లం ముందొస్తే సముద్రం వెనక్కి పోతుంది, గట్టు ముందొస్తే నేరుగా ఊళ్లోకి వస్తుంది. 2004లో బంగాళాఖాతానికి తూర్పున ఉన్న థాయిలాండ్‌లో చాలాచోట్ల పల్లమే ముందొచ్చింది. తేలిన ఇసుకలోకి జనం నడిచి వెళ్లారు.

రెండింటికీ తేడా వాచీ చెబుతుంది. మామూలు ఆటు దిగడానికి ఆరు గంటలు పడుతుంది. మీరు టీ తాగి, కబుర్లు చెప్పుకుని, మళ్లీ చూసినా ఒకటి రెండు అడుగుల తేడానే. సునామీ అదే పనిని ఐదు, పది నిమిషాల్లో చేసేస్తుంది. కళ్లెదుటే తొట్టిలో మూత తీసినట్టు నీళ్లు పోతుంటే అది చంద్రుడి పని కాదు.

2004 డిసెంబర్ 26 ఆదివారం. అదీ పౌర్ణమే, అయితే ఆ రోజు జరిగినదానికీ చంద్రుడికీ సంబంధం లేదు. ఉదయం 6.29కి సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. భూమి పైపెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే ఫలకాలంటారు. మన భారత ఫలకం అక్కడ ఏడాదికి మూడు వేళ్ల వెడల్పున పక్క ఫలకం కిందకి దూరుతూ ఉంటుంది. దూరుతూ దాని అంచుని కూడా కిందకి లాక్కుపోతుంది. వందల ఏళ్లు అలా వంగిన అంచు ఆ రోజు పట్టు తప్పించుకుని పైకి లేచింది. చీలిక సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1300 కిలోమీటర్లు పాకింది. సముద్రగర్భం కొన్ని మీటర్లు లేస్తే దాని మీదున్న నీటి స్తంభం మొత్తం లేచినట్టే. గాలి రేపే కెరటం నీటి పైపొరనే కదుపుతుంది, ఇది అడుగు నుంచి పైదాకా కదిలింది.

అయినా నడిసముద్రంలో అది ఎవరికీ కనబడలేదు. భూకంపం వచ్చిన రెండు గంటలకి హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లిన జేసన్-1 ఉపగ్రహం కొలిస్తే కెరటం ఎత్తు 60 సెంటీమీటర్లు, అంతే. దాని పొడవు వందల కిలోమీటర్లు. వేటలో ఉన్న పడవ కింద నుంచి పోయినా జాలరికి తెలియదు. వేగం మాత్రం లోతుని బట్టి ఉంటుంది: మూడు కిలోమీటర్ల లోతులో గంటకి 600 కిలోమీటర్ల పైనే, ఒడ్డు దగ్గర పది మీటర్ల లోతుకొచ్చేసరికి 36. టోల్‌గేటు ముందు లారీల పరిస్థితే ఇక్కడా. ముందున్నది బ్రేకు వేసింది, వెనకవి అదే ఊపున వస్తున్నాయి. నీళ్లకి వెనక్కి దారి లేదు కాబట్టి పైకి లేస్తాయి.

ఆ కెరటం తొమ్మిది దాటిన కాసేపటికి మన తీరానికి చేరింది. రెండున్నర గంటల పైచిలుకు వ్యవధి. హిందూ మహాసముద్రంలో అప్పటికి హెచ్చరిక వ్యవస్థే లేదు. దేశంలో 10,000 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది తమిళనాడు వాళ్లు, ఒక్క నాగపట్నంలోనే వేలల్లో. ఆంధ్రలో వందకి పైగా. విశాఖ మీద దెబ్బ తేలిగ్గా పడింది. సింహాద్రి అప్పన్న కాపాడాడని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. భౌగోళికం చెప్పే కారణం ఇది: గాబులో ఒక పొడవాటి చెక్కని అడ్డంగా తోసి చూడండి. చెక్క ముఖానికి ఎదురుగా నీళ్లు బలంగా పోతాయి, కొసల వైపు అంతగా పోవు. చీలిక ఉత్తర దక్షిణాలుగా ఉంది, దాని ముఖానికి ఎదురుగా శ్రీలంక, తమిళనాడు పడ్డాయి. మనం కొస దాటి ఉన్నాం. ఇది ఆ ఒక్క చీలికకి చెల్లిన లెక్క. అండమాన్‌కి ఉత్తరాన ఉన్న ముక్క రేపు కదిలితే ముఖం ఎటు తిరుగుతుందో మ్యాప్ మీద స్కేలు పెట్టి మీరే చూసుకోవచ్చు.

నీళ్లు తీసేశాక కూడా సునామీ పని అయిపోలేదు. నాగపట్నం పొలాల్లో, బావుల్లో ఉప్పు మిగిలింది. మహాబలిపురంలో కెరటం ఇసుకని కోసుకుపోతే పాత శిల్పాలు కొన్ని బయటపడ్డాయి. అన్నిటికన్నా నన్ను ఆపేసే సంగతి నికోబార్‌లోని ఇందిరా పాయింట్. దేశపు దక్షిణ కొసన ఉన్న ఆ నేల నాలుగు మీటర్లకి పైగా కుంగిపోయింది. ఒకప్పుడు ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ ఇప్పుడు నీళ్లలో నిలబడి ఉంది. అదే సమయానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడపు దిబ్బలు ఎండలో పడ్డాయి.

మన భాషలో సునామీకి సొంత మాట లేదు. ఉప్పెన ఉందిగా అంటారు చాలామంది, కానీ దాని దారి వేరు. ఉప్పెనని తెచ్చేది తుఫాను. గాలి నీటిని ఒడ్డుకి తోస్తుంది, తుఫాను మధ్యలో గాలి పీడనం పడిపోవడంతో సముద్రం ఉబ్బుతుంది, ఒక మిల్లీబారు తగ్గితే దాదాపు ఒక సెంటీమీటరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. ఆ గాలి చప్పుడు విన్నవాళ్లెవరూ మర్చిపోరు. మధ్యలో కాసేపు అంతా నిశ్శబ్దమైంది, తుఫాను కన్ను మా మీద ఉందన్నమాట. అంత గాలికీ ఇక్కడ నమోదైన ఉప్పెన 1.4 మీటర్లు. తీరం దగ్గరే లోతు ఉంటే నీళ్లు కిందుగా వెనక్కి పోగలవు. 1977 నవంబర్‌లో దివిసీమకి ఆ అదృష్టం లేదు. లోతు తక్కువైన సముద్రం, చదునైన నేల. 10,000 మంది దాకా చనిపోయారు.

ఉప్పెనకి రోజుల ముందే రేడియోలో చెబుతారు. సునామీకి మహా అయితే కొద్ది గంటలు, ఒక్కోసారి నిమిషాలే మిగులుతాయి. ఆ నిమిషాల కోసమే 2007లో హైదరాబాద్‌లో, సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం పెట్టారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని వాళ్లు భూకంప లేఖినులు, సముద్రగర్భంలో నీటి బరువుని కొలిచే పరికరాలు, తీరంలో నీటి మట్టం కొలిచే టైడ్ గేజ్‌లు చూస్తుంటారు. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కదిలింది. హెచ్చరిక వచ్చింది. నాకు బాగా గుర్తు, మా ఆఫీసులో సగంమంది ఇంటికి ఫోన్లు చేస్తుంటే మిగతా సగం "పదండి, బీచ్‌కెళ్లి చూద్దాం" అన్నారు. సిగ్గు విడిచి చెప్తున్నా, నేను రెండో సగంలో ఉన్నాను. పెద్దగా ఏమీ రాలేదు, ఎందుకంటే ఆ రోజు ఫలకం లోపలి ముక్కలు పక్కకి రాసుకున్నాయి, నీటిని పైకి ఎత్తలేదు. నా తెలివి అందులో ఏమీ లేదు.

సుమత్రా పక్కనే సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి జనం పోయారు. బతికినవాళ్లు దానికి 'స్మాంగ్' అని పేరు పెట్టి పాటలుగా, కథలుగా మనవలకి చెప్పారు: భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కు. 2004లో కెరటం ఆ దీవిని నిమిషాల్లో చేరింది. దాదాపు 78,000 జనాభాలో పోయింది ఏడుగురు.

దివిసీమలో లేనిదీ మాకు ఉన్నదీ కొండ. పోయిన నెల ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, పాండురంగాపురం మీదుగా వాల్తేరు అప్‌ల్యాండ్స్‌కి నడిచి చూశాను. పదహారు నిమిషాలు పట్టింది. అందులో రెండు నిమిషాలు బీచ్ రోడ్డు దాటడానికే.